పడమటి గోడ తెరిచిన వేసవి

జర్మనీలో, ఇల్మెనౌలోనూ హానోవర్‌లోనూ మాస్టర్స్ చదివే మన పిల్లలు ఈ మధ్య నాకు తరచుగా ఫోన్ చేస్తున్నారు. మట్టి, గడ్డి, చెక్కలతో ఇళ్లు కట్టే పనిచేసి రిటైరైన తెలుగావిడ ఒకరున్నారని ఎవరో నా నంబరు ఇస్తున్నారు. "ఆంటీ, ఈ ఫీల్డులో స్కోప్ ఉందా?" అన్నది అందరి మొదటి ప్రశ్న. ఉంది. ఈ పనిలో రోజూ చేసేదేమిటని మాత్రం ఎవరూ అడగరు. అందుకని నేనే రాస్తున్నాను.

రోజూ చేసేది నీళ్లకు కాపలా కాయడం. ఫొటోల్లో కనిపించే నున్నటి మట్టిగోడ, దానిమీద పడ్డ ఎండ, గోడను నిమురుతూ నవ్వే యజమానులు, ఇదంతా చివరి రోజు సంగతి. అంతకుముందు నెలల తరబడి మనం చూసేది వేరు. వాన ఎటునుంచి కొడుతుంది, కప్పు అంచు గోడను కాపాడేంత ముందుకు వచ్చిందా, నిన్న వేసిన పూత ఎప్పటికి ఆరుతుంది? ఇవే చూస్తాం. మట్టి, గడ్డి పొడిగా ఉన్నంతకాలం తరాలు నిలుస్తాయి. గోడ లోపల తడి చిక్కుకుంటే ఒక్క వేసవిలో చెడిపోతాయి.

నా ప్రమోషన్ల గురించి రాయను. ఒక బాస్ గురించి, ఒక గోడ గురించి, ఆ గోడ వల్ల నష్టపోయిన ఒక అమ్మాయి గురించి రాస్తాను. నాకు తెలిసిన వృత్తి అంతా దాదాపు అందులోనే ఉంది.

మార్టిన్

నేను అనంతపురంలో సివిల్ ఇంజనీరింగ్ చదివాను. మావారికి పరిశోధన ఉద్యోగం రావడంతో హానోవర్ చేరాం. నా డిగ్రీని ఇక్కడివాళ్లు గుర్తించేదాకా చేతులు కట్టుకుని కూర్చోలేక, మట్టిపూతలు వేసే ఒక చిన్న కంపెనీలో పనికి చేరాను. పాస్‌పోర్టులో నా పేరు ఇంటిపేరు స్థానంలో పడింది. అప్పటినుంచి జర్మన్లందరికీ ఫ్రావ్ సుభద్రనే, అంటే సుభద్రగారినన్నమాట. కంపెనీ యజమాని మార్టిన్ ఒక్కడే మొదటి రోజునుంచీ సుభద్రా అని పిలిచాడు, తాపీ చేతికిచ్చాడు. డిగ్రీకి గుర్తింపు వచ్చాక కూడా కొన్నాళ్లు తాపీ వదలనివ్వలేదు. తర్వాత సైట్ల బాధ్యత అప్పగించాడు.

ఆయన వడ్రంగి. మాట తక్కువ. ఒకసారి హైడెల్‌బర్గ్‌లో నదిని ఆనుకున్న ఇంటికి మమ్మల్ని పిలిపించారు. కింద సెల్లార్‌లో ధ్యానం చేసుకునే గది కావాలి, గోడలకు మట్టిపూత వేయాలి. ఆ ఏడాది మాకు పని తక్కువగా ఉంది. మార్టిన్ వంగి గోడ అడుగున అరచెయ్యి ఆనించి చాలాసేపు ఉంచాడు. లేచి, "ఇక్కడ మట్టి పనికిరాదు" అన్నాడు.

"మట్టి ప్రకృతి సహజమైనది కదా, ఎక్కడైనా మంచిదేనని చదివామే" అన్నాడు ఇంటాయన.

"వరద కూడా ప్రకృతి సహజమైనదే" అని మార్టిన్ కోటు వేసుకున్నాడు.

తిరుగు రైల్లో, చేతికొచ్చిన పని పోయిందని నేను దిగులుగా ఉంటే ఆయన ఒక్కమాట అన్నాడు. "అవునని చెప్పడానికి ఊరంతా ఉంది సుభద్రా. కాదని చెప్పడానికే మనల్ని పిలుస్తారు."

మట్టిని మతంగా చేసుకుని ఈ రంగంలోకి వచ్చిన చాలామందిని చూశాను. సిమెంటు పేరెత్తితే ముఖం తిప్పుకునేవాళ్లు. వాళ్లెవరూ ఎక్కువకాలం నిలవలేదు. మేం కట్టిన చాలా ఇళ్లకు పునాది కాంక్రీటే. నేలలో తడి ఉన్నచోట అదే మంచిది. ఏది ఎక్కడ పనికిరాదో తెలియనివాళ్లు ఏది ఎక్కడ పనికొస్తుందో కూడా చెప్పలేరు.

గడ్డితో కీటా

హానోవర్ నుంచి రీజినల్ రైల్లో వెళ్లే ఒక చిన్న ఊరికి కొత్త కీటా కావాల్సి వచ్చింది. బడి వయసు రాని పిల్లలను ఉంచే చోటు అది. ఊరివాళ్లు ధైర్యం చేసి గడ్డిగోడల కట్టడానికి ఒప్పుకున్నారు. చెక్క చట్రాల మధ్య గోధుమగడ్డి కట్టలను బిగించి, లోపలివైపు మట్టిపూత, బయటివైపు సున్నపుపూత వేస్తాం. చలికాలంలో వెచ్చగా, వేసవిలో చల్లగా ఉంటుంది. గాలి హాయిగా ఉంటుంది. మార్టిన్ జీవితంలో అంత పెద్ద పని అదే. సైటు బాధ్యత నాది.

ఆ ఊళ్లో అద్దెలు కాస్త తక్కువ కాబట్టి మన కుటుంబాలు కొన్ని అక్కడ స్థిరపడ్డాయి. లావణ్య వాళ్లలో ఒకతె. కరీంనగర్ అమ్మాయి, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, బ్లూ కార్డు వీసా. పాప పుట్టాక సెలవులో ఉంది. కీటాలో పాపకు సీటు దొరికిందని తెలిసినరోజు సైటుకే వచ్చి చెప్పింది. "ఆంటీ, మీరు కడుతున్న దాంట్లనే మా పాపకు ప్లాట్జ్ దొరికింది. ఆగస్టుల తెరుస్తరు గదా? నేను సెప్టెంబర్ల జాయిన్ అవుతున్న. టీమ్ లీడ్ ఇస్తమన్నరు." కట్టడం చుట్టూ తిప్పి చూపించాను. పిల్లలు పడుకునే గది పడమటివైపు. అక్కడ అప్పటికే రెండువైపులా మొదటి పూత పడింది. లావణ్య గోడ తట్టి చూసి, "గడ్డి అంటే ఎవ్వరు నమ్మరు" అని నవ్వింది.

తడి

జూన్‌లో ఒక వారాంతం గాలివాన కొట్టింది. రెండు కప్పులు కలిసేచోట ఇంకా రేకు పడలేదు, టార్పాలిన్ కప్పి ఉంచారు. అది లేచిపోయింది. శని, ఆదివారాలు కురిసిన వాన ఆ సందులోంచి పడమటి గోడ నెత్తిన దిగింది. ఆ పట్టా ఎవరు కట్టారు, ఎవరు చూసుకోవాలి అన్నది కాగితాల మీద చాలాకాలం నలిగింది. దాని గురించి ఇక్కడ రాయను. వానకు అవేమీ పట్టవు.

సోమవారం వెళ్లి చూస్తే గోడ మీద ఏమీ లేదు. పూత బాగుంది, మరక కూడా పడలేదు. పొడుగాటి సూదులున్న తేమ మీటరును పూతలోంచి గడ్డిలోకి గుచ్చాను. ఛాతీ ఎత్తులో పొడిగా చూపించింది. మోకాళ్ల మీద కూర్చుని గోడ అడుగున గుచ్చాను. ముల్లు ఎర్రగీత దాటిపోయింది. పక్కన గుచ్చాను. అక్కడా అంతే.

మార్టిన్ వచ్చి చూశాడు. "వేసవి ముందుంది. మట్టి, సున్నం ఊపిరి పీలుస్తాయి. ఎండుతుంది" అన్నాడు.

నేను కొన్నాళ్లు ఆగాను. రోజూ గుచ్చి చూశాను. బయట మంచి ఎండ కాస్తున్నా అడుగున ముల్లు కిందికి దిగలేదు. అప్పుడు చెప్పాను, గోడ తెరవాలని.

"ఏ మేరకు?"

"పడుకునే గది గోడ మొత్తం."

మార్టిన్ అక్కడున్న గడ్డికట్ట మీద కూలబడ్డాడు. "అది తెరిస్తే ఆగస్టులో ప్రారంభం ఉండదు. 'గడ్డి కీటా కుళ్లింది' అని పేపర్లో వస్తుంది. ఇంకే ఊరూ మనల్ని పిలవదు. మనల్నే కాదు, గడ్డితో కట్టే ఎవరినీ పిలవదు. తెలుస్తోందా నీకు?"

"తెలుస్తోంది. తెరవకపోతే కొన్నేళ్లాగి వస్తుంది ఆ వార్త. అప్పుడు లోపల పిల్లలు పడుకుని ఉంటారు."

కాదని చెప్పడం నాకు నేర్పినవాడే అవుననడానికి దారి వెతుక్కుంటున్నాడని నాకు కోపం వచ్చింది. ఇప్పుడు ఆలోచిస్తే అంత కోపం అక్కర్లేదనిపిస్తుంది. ఆయన పిరికివాడు కాదు. తను నమ్మిన పని ఒక్క వానతో పరువు పోగొట్టుకుంటుందని భయపడ్డాడు. నమ్మకం ఎక్కువ ఉన్నవాళ్లకే ఆ భయం వస్తుంది. మీకూ వస్తుంది.

చివరికి లేచి, "సరే. అయితే తల్లిదండ్రులకు నువ్వే చెప్పాలి. నావల్ల కాదు" అన్నాడు.

తల్లిదండ్రుల ముందు

ఊరి హాల్లో సాయంత్రం మీటింగ్ పెట్టారు. నేను స్లైడ్లు తయారుచేసుకుని వెళ్లాను. గోడ అడ్డకోత బొమ్మ, తేమ శాతాలు, ఆరడానికి పట్టే కాలం. నా జర్మన్ బాగానే ఉంది. చెప్పింది ఎవరికీ ఎక్కలేదు. వాళ్లకు వినపడింది ఒక్కటే, ఆగస్టులో కీటా లేదు.

మొదట లేచింది లావణ్య. నాతో ఎప్పుడూ తెలుగే మాట్లాడే పిల్ల, ఆ రోజు జర్మన్‌లో, అందరికీ వినిపించేలా అడిగింది. "ఫ్రావ్ సుభద్రా, గోడ బయటికి బాగానే ఉందని మీరే అంటున్నారు. లోపల పాడైందని ఖాయంగా తెలుసా?"

"పాడవుతుందని తెలుసు."

"పాడైందా?"

"ఇంకా తెరవలేదు."

"అంటే తెలియదు" అని కూర్చుంది. హాలంతా గుసగుసలు.

బయటికి వచ్చాక పార్కింగ్ దగ్గర నన్ను ఆపింది. ఈసారి తెలుగు. "ఆంటీ, మార్టిన్ ఎండుతదన్నడట గదా. మీరే పట్టుబట్టి ఆపుతున్నరని గ్రూపుల అందరు అంటున్నరు. పాపను ఏడ పెట్టి పోవాలె నేను? ఇంకో కీటాల వెయిటింగ్ లిస్టే. మా ఆయనకు షిఫ్టులు. టీమ్ లీడ్ పోస్టు నాకోసం ఆపుతరా వాళ్లు?"

"ఆపరేమో లావణ్యా."

"మరి?"

"అయినా తెరవాల్సిందే. తడిని లోపల మూసిపెట్టి కీటా నీ చేతికి అప్పగించలేను."

ఆ మాటకు కళ్లనిండా నీళ్లు తెచ్చుకుని వెళ్లిపోయింది. ఆ తర్వాత మన వాట్సాప్ గ్రూపులో నా పేరు రాయకుండానే చాలా రాశారు. మన ఆంటీయే మన పిల్లల కీటా ఆపిందని ఒకరు, వయసు మీదపడ్డాక చాదస్తం ఎక్కువవుతుందని ఇంకొకరు. నేను జవాబు రాయలేదు. గ్రూపు వదిలిపోలేదు కూడా.

ఆరిన గదుల వరకైనా ముందు తెరుద్దామని ప్రయత్నించాను. మంటలు లేస్తే పిల్లలు బయటికి పరిగెత్తాల్సిన దారి ఆ పడమటి గోడ పక్కనుంచే పోతుంది. అక్కడ పని జరుగుతుండగా పిల్లల్ని రానివ్వమని ఊరి మునిసిపల్ ఆఫీసువాళ్లు చెప్పేశారు. వాళ్లు చెప్పింది సరైనదే. నేనైనా అదే చెప్పేదాన్ని. మర్నాడు పొద్దున్నే తాపీ, రంపం తీసుకుని వెళ్లాను.

గోడ లోపల

మార్టిన్, నేను కలిసి పూత రాల్చాం. కప్పుల సందు కిందున్న భాగం ముందు తెరిచాం. పైన గడ్డి బంగారం రంగులోనే ఉంది. కిందికి దిగేకొద్దీ గోధుమరంగు, తర్వాత నలుపు. అడుగు కట్టలోకి చెయ్యి దూరిస్తే వెచ్చగా తగిలింది. పుట్టగొడుగుల వాసన గుప్పుమంది. చుట్టూ తెల్లటి బూజు. కింది దూలానికి ఇంకా కుళ్లు పట్టలేదు, అప్పుడే తడి ఎక్కుతోంది.

మార్టిన్ చేతి తొడుగులు తీసి, నల్లబడిన గడ్డి పిడికెడు తీసుకుని వాసన చూసి కింద పెట్టాడు.

గోడ చివరికి వెళ్లేసరికి కథ మారింది. అక్కడ తెరిచిన కట్టలన్నీ శుభ్రంగా ఉన్నాయి, పొలంలోంచి తెచ్చినప్పటి మాదిరే. మార్టిన్ ఆ గడ్డి కూడా పిడికిట పట్టుకుని నా ముందు పెట్టాడు. "ఇది అనవసరంగా తీశాం."

"అవును. తీయకముందు నాకు తెలియదు" అన్నాను.

మీరెవరైనా ఇలాంటి నిర్ణయం తీసుకున్నప్పుడు సగం మాత్రమే సరైందని తేలుతుంది. ఎదుటివాళ్లు మిగతా సగం చూపిస్తారు. ఒప్పుకోండి. అంతమాత్రాన మొదటి సగం అబద్ధం కాదు.

ఆ మధ్యాహ్నం లావణ్య వచ్చింది, పాపను బండిలో తోసుకుంటూ. పలకరింపు లేదు. "చూపెట్టండి" అంది.

పాపను మార్టిన్ దగ్గర వదిలి లోపలికి వచ్చింది. తెరిచిన గోడ ముందు కూర్చుంది. నేను చెప్పకముందే చెయ్యి లోపలికి పెట్టింది. వెంటనే వెనక్కి తీసుకుంది. "వెచ్చగున్నదేంది?"

"కుళ్లుతున్నప్పుడు వేడెక్కుతుంది."

"ఇది పిల్లలు పండుకునే రూము గదా?"

"అవును."

ముక్కు మూసుకుంది. అప్పుడు నా వైపు తిరిగింది, కోపంగానే. "మీటింగుల ఈ ముక్క ఎందుకు చెప్పలేదు?"

"చెప్పాను కదా. తేమ శాతం..."

"శాతం ఎవ్వరికి కావాలె ఆంటీ? మీరు ముందుగాల గోడ తెరిచి, అటెన్క మమ్ముల పిలవాల్సింది. శాతాలు చూపెడితే నేను మీతోని కొట్లాడతనే ఉంట. ఇది చూసినంక ఏమని కొట్లాడాలె?" లేచి చేతులు దులుపుకుంది. "అందర్ని పిలవండి. ఒక్కొక్కలు చెయ్యి పెట్టి చూడాలె."

మార్టిన్‌కు ఆ మాట జర్మన్‌లో చెప్పాను. ఆయన ముఖం పాలిపోయింది. కుళ్లిన గోడను మనంతట మనమే ఊరికి చూపించడమా! లావణ్య ఆయనతో సూటిగా జర్మన్‌లోనే అంది, "మీరు చూపించకపోతే నేను ఫొటో తీసి చూపిస్తాను. మీరే పిలిస్తే మంచిది."

ఆ శనివారం అందరినీ పిలిచాం. తల్లులు, తండ్రులు వరసగా వచ్చి నల్లటి కట్టలో చెయ్యి పెట్టారు, తర్వాత పొడిగా ఉన్న కట్టలో పెట్టారు. నేను ఒక్క శాతం కూడా చెప్పలేదు. ఒకాయన అక్కడికక్కడే గడ్డి ఇల్లు మాకొద్దని తన పాప సీటు వదులుకున్నాడు. స్థానిక పేపరులో మార్టిన్ భయపడిన శీర్షికే వచ్చింది. ఇంకో ఊరు మాతో మాట్లాడుకుంటున్న పని మానుకుంది. ఇవన్నీ జరిగాయి. కానీ మిగతా తల్లిదండ్రులు ఎప్పుడు తెరుస్తారని అడగడం మానేసి, ఎలా ఆరబెడతారని అడగడం మొదలుపెట్టారు. ఆ తర్వాత చాలా శనివారాలు కొందరు వచ్చి చెడిన గడ్డి మోసి పోశారు, కొత్త పూతకు మట్టి కలిపారు. లావణ్య కూడా వచ్చింది. నాతో పనికి అవసరమైనంత మాత్రమే మాట్లాడేది.

కొత్త గడ్డి నింపి, పూతలు ఆరేదాకా కాచుకుని, కీటా మార్చిలో తెరిచాం. చలికాలంలో పూత ఆరబెట్టడం ఎంత కష్టమో మీరు చేస్తే తెలుస్తుంది. కిటికీలు తెరవడం, మూయడం, గాలి మరలు పెట్టడం, మళ్లీ మళ్లీ గుచ్చి చూడడం. కీటాలోని ఆరు గదుల్లోనూ ఒక్క మూల కూడా తడిగా ఉండగా పై పూత వేయనివ్వలేదు. మార్టిన్ ఆ చలికాలం ఒక్కసారి కూడా నన్ను తొందరపెట్టలేదు.

లావణ్య సెప్టెంబరులో ఉద్యోగానికి వెళ్లలేకపోయింది. సెలవు పొడిగించారు గానీ టీమ్ లీడ్ పోస్టు వేరేవాళ్లకు ఇచ్చారు.

ఈ పనిలోకి వచ్చేవాళ్లకు

గోడ తెరవాలా వద్దా అన్న ప్రశ్న మీకూ వస్తుంది. అప్పుడు మీ ఎదురుగా ఉండేది చెడ్డవాళ్లు కారు. తను నమ్మిన పని పరువు కాపాడుకోవాలనుకునే బాస్ ఉంటాడు, పాపను ఎక్కడ వదిలి ఉద్యోగానికి పోవాలో తెలియని తల్లి ఉంటుంది. మీ నిర్ణయం వల్ల ఎవరికి నష్టమో వాళ్ల పేరు తెలుసుకోండి. వాళ్ల ముఖం చూస్తూ చెప్పండి. ఇంకెవరినో పంపకండి. అంకెలు జేబులో ఉంచుకుని, ముందు గోడ చూపించండి. కోప్పడతారు, మాటలు పడండి. అయినా తెరవండి.

ఈ రంగంలో మన గెలుపు ఎవరికీ కనపడదు. కుళ్లని గోడ వార్త కాదు. దానికి సిద్ధపడితేనే రండి.

రిటైరయ్యాక కూడా ఏటా శరదృతువులో ఆ కీటాకు వెళ్లి పడమటి గోడలో తేమ చూసి వస్తాను. ఎవరూ అడగలేదు, నేనే వెళ్తాను. పోయిన వారం వెళ్లాను. పొడిగా ఉంది. బయటికి వస్తుంటే గేటు దగ్గర లావణ్య కనిపించింది. చేతిలో చిన్న బ్యాగు, పక్కన రెండేళ్లవాడు జర్మన్‌లో ఏదో గొణుగుతూ బూట్లు వేసుకోనని మారాం చేస్తున్నాడు. వీడు రెండోవాడు.

"కోపం పోయిందా?" అని అడిగేశాను. ఇన్నేళ్లలో అడగలేదు.

వాడికి బూటు తొడుగుతూ తలెత్తకుండానే చెప్పింది. "పోలేదు ఆంటీ. ఆ పోస్టు నాది. ఇప్పటికి అనిపిస్తది." రెండో బూటు కూడా తొడిగి, లేచి, వాడి ముక్కు తుడిచింది. "వీనికి మా ఇంటి పక్కనే ఇంకో కీటాల సీటు వచ్చింది. నేనే వద్దన్న. బస్సుల తీసుకొస్తున్న ఈ కీటాకే."